ప్రశ్నల బల్ల

జూలై 6

పిన్నీ,

మొన్న ఫోన్లో నేను "నన్ను పుస్తకాల బండి దగ్గర్నుంచి తీసేశారు" అంటే నువ్వు "మంచిదే, ఒంటికి మంచిది" అన్నావు. తర్వాత చాలాసేపు ఆలోచించాను, ఒంటికి మంచిదేమిటా అని. నీ ఫోన్ పాడైనట్టుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇందులో గరగర ఉండదు.

సంగతేమిటంటే, మా యూనివర్సిటీ లైబ్రరీలో నేను మధ్యాహ్నాలు మూడు గంటలు పనిచేస్తానని నీకు తెలుసుగా. ఇన్నాళ్లూ చేసిందల్లా చదివి వదిలేసిన పుస్తకాల్ని తోపుడు బండిలో వేసుకుని, నంబరు చూసి, ఏ అరలోది ఆ అరలో పెట్టడం. నాలుగు అంతస్తులూ కాళ్లకు కంఠతా వచ్చేశాయి. ఈమధ్య కొత్త లైబ్రేరియన్ మేడం వచ్చారు. వచ్చిన వారానికే మమ్మల్ని, పనిచేసే విద్యార్థులందర్నీ, పిలిచి అడిగారు: "మీకు ఏ పుస్తకం ఎక్కడుందో తెలుసు, చదివేవాళ్లు ఎక్కడ తికమకపడతారో కూడా తెలుసు. అంత తెలిసినవాళ్ల చేత బండి మాత్రమే తోయించడం ఏం పని?"

 

ముగ్గుర్ని ఎంపిక చేశారు. ఒకతను పాత ఫొటోలకి వివరాలు రాస్తాడు. ఇంకొకావిడ కొత్తగా చేరినవాళ్లకి లైబ్రరీ వాడటం నేర్పుతుంది. నాకు ప్రశ్నల బల్ల ఇచ్చారు! మెయిన్ హాల్లో, గుమ్మానికి ఎదురుగా ఉంటుంది; పొద్దున ఇంకో గంట కూడా కూర్చోవాలి. ఎవరైనా వచ్చి ఏదైనా అడగొచ్చు. అడిగినది, నేను చెప్పినది, ఒక నోట్‌బుక్‌లో రాయాలి. అడిగినవాళ్ల పేరు మాత్రం రాయకూడదు. నెలాఖరుకి ఆ నోట్‌బుక్ చూసి లైబ్రరీలో ఏం మార్చాలో నేనే మేడంకి చెప్పాలట.

మొదటిరోజు వచ్చిన ప్రశ్నలు: బాత్రూం ఎక్కడ (పదకొండుసార్లు). ఈ పుస్తకం ఎరుపు అట్టతో ఉండాలి, పేరు గుర్తులేదు, దొరుకుతుందా (దొరికింది, అట్ట నీలం). ఇక్కడ నిద్రపోవచ్చా.

మూడోదానికి ఏం చెప్పాలో తెలియక ఇంకా ఖాళీ వదిలాను.

అమ్మ మాత్రం "చదువు చెడగొట్టుకోకు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. నువ్వేమంటావ్?

నీ ప్రశ్నల పుట్ట

*

జూలై 13

ఒసేయ్ ప్రశ్నల పుట్టా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వుకుంటూ, ఒకసారి అనుమానంగా.

ముందు అనుమానం చెప్తాను. ముప్పై నాలుగేళ్లు ఆసుపత్రిలో ఉన్నదాన్ని, అందులో సగం హెడ్ నర్సుగా. శిక్షణ పిల్లల్ని చూశాను, వాళ్లని చూపించి ఖాళీ పోస్టులు నింపనివాళ్లనీ చూశాను. "నీకు బాధ్యత ఇస్తున్నాం తల్లీ" అని తియ్యగా చెప్పి, ఇద్దరు చేయాల్సిన వార్డు ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల నెత్తిన పెడతారు. పేరు పెద్దదవుతుంది, పనీ పెద్దదవుతుంది, నేర్పేవాళ్లు మాత్రం మాయమవుతారు. మీ మేడం అలాంటిదా? నువ్వు తడబడితే పక్కన ఎవరుంటారు? ఇది కనుక్కుని రాయి. మీ అమ్మ అడగాల్సిన ప్రశ్న అది.

ఇక నవ్వు సంగతి. బాత్రూం పదకొండుసార్లు అడిగారంటే అది నీకు ప్రశ్న కాదు, గోడకి. బోర్డు పెట్టించు.

ఒక రహస్యం చెప్తాను, ఉంచుకో. మనుషులు మొదట అడిగేది అసలు ప్రశ్న కాదు. ఒకావిడ రోజూ నా దగ్గరకొచ్చి "కిటికీ తెరవచ్చా సిస్టర్?" అని అడిగేది. రోజూ తెరవమనేదాన్ని. నాలుగో రోజు "ఎందుకమ్మా, గాలాడట్లేదా?" అన్నాను. బోరుమంది. వాళ్లాయన బతుకుతాడా అని అడగటానికి నాలుగు రోజులుగా కిటికీని అడ్డం పెట్టుకుంది. కాబట్టి జవాబు చెప్పే తొందర వద్దు. రెండో ప్రశ్న నువ్వు అడుగు.

మొక్కల శాస్త్రం చదివేదానివి, వేరు చూడకుండా మొక్క పేరు చెప్తావా?

మీ పిన్ని

(నా ఫోన్ బాగానే ఉంది.)

*

జూలై 22

పిన్నీ,

నువ్వు చెప్పిన మంత్రం పారింది!

నిన్న ఒక అబ్బాయి వచ్చి "ఆకుల మీద పుస్తకం ఉందా?" అన్నాడు. ఉన్నాయి, నూట నలభై. ఇంతకుముందైతే మూడో అంతస్తు, కుడివైపు అని చేయి చూపించేదాన్ని. నువ్వు చెప్పావు కదా అని, "ఆకుల గురించి ఏం తెలుసుకోవాలి?" అన్నాను. నసిగాడు. చివరికి చొక్కా చేయి పైకి మడిచాడు. మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు! హాస్టల్ వెనక కంచె దగ్గర బంతి కోసం దూరాడట, ఏ మొక్క తగిలిందో తెలుసుకోవాలట. పుస్తకం తర్వాత, ముందు డాక్టర్ దగ్గరకి పద అని పంపించాను. సాయంత్రం మందు రాసుకుని వచ్చి, ఇద్దరం బొమ్మలు చూసి ఆ మొక్కని పట్టుకున్నాం.

అంత బాగా జరిగిన మధ్యాహ్నం నా జీవితంలో లేదు.

నువ్వడిగింది కనుక్కున్నాను. సోమవారం, గురువారం మేడం గంటసేపు నాతో కూర్చుని నోట్‌బుక్ చూస్తారు. "ఇది ఇంకోలా చెప్పొచ్చా?" అని అడుగుతారు, నువ్వు తప్పు చెప్పావు అనరు. నా చదువు గంటల్లో పని వేయరు. పరీక్షల వారం బల్ల మూసేస్తామని రాసిచ్చారు. ఇప్పుడు సరేనా?

సరిలేనిది ఒక్కరికే. స్టాంపు మాస్టారికి. కౌంటర్‌లో కూర్చుని పుస్తకాల మీద తేదీ ముద్ర వేసే పెద్దాయన, ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడే. ఆయన ముద్ర వేస్తే హాలంతా వినిపిస్తుంది. నేను బల్ల దగ్గర కూర్చున్న రోజు నుంచి ఇంకా గట్టిగా వేస్తున్నారు. నిన్న అందరూ వినేలా అన్నారు: "ఇన్నేళ్ల సర్వీసు వాణ్ని ఇక్కడుండగా, ప్రశ్నలకి జవాబులు పిల్లలు చెప్తారట. రేపు నన్ను బండి తోయమంటారు కాబోలు." నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్చిపోయాను, ఆదివారం మళ్లీ నీకు ఫోన్ చేశాను. నేను "స్టాంపు మాస్టారు" అంటే నువ్వు "పంపు మార్చారా, ఎప్పుడు?" అన్నావు. ఇక లాభం లేదని మీ ఊళ్లో ఫోన్ బాగుచేసే అతనికి కబురు పెట్టాను. గురువారం వస్తాడు.

నీ ప్రశ్నల పుట్ట

*

ఆగస్టు 1

నీకు ఎవరు చెప్పారు కబురు పెట్టమని?

వచ్చాడు మహానుభావుడు. నా ఫోన్ విప్పి, బల్లంతా పరిచి, మళ్లీ బిగించి, "దీనికేం లేదమ్మా, నిక్షేపంలా ఉంది" అని నా వంక అదోలా చూసి వెళ్లాడు. ఇంకోసారి నన్నడక్కుండా నా ఇంటికి మనుషుల్ని పంపకు.

మేడం సంగతి బాగుంది. గంటసేపు పక్కన కూర్చునేవాళ్లుంటే ఇక ఫరవాలేదు. స్టాంపు మాస్టారి మీద కోపం తెచ్చుకోకు. ఆయన్ని ఈ ఇరవై ఎనిమిదేళ్లలో "అంత తెలిసినవాళ్లు" అని ఎవరైనా అన్నారా? అదీ ఆయన నొప్పి.

ఆ నోట్‌బుక్ ఉంది చూశావూ, దాన్ని ఊరికే నింపకు. మేం రోగికి జ్వరం పట్టీ, అదే చార్టు, గీసినట్టు, గంట గంటకీ ఎన్ని ప్రశ్నలు, ఎలాంటివి అని గీత గీసి చూడు. ఏ వేళకి వేడి ఎక్కుతుందో తెలుస్తుంది. గీసి నాకూ ఒక కాపీ పంపు. నాకు ఇక్కడ పొద్దుపోవట్లేదు.

పిన్ని

*

ఆగస్టు 12

పిన్నీ,

పట్టీ గీశాను. పంపడం లేదు. బల్ల మూసేశారు.

పోయిన బుధవారం, మూడు గంటలకి, ఎక్కువమంది ఉండే వేళ. వరసలో ఎనిమిది మంది. ఒక పొడుగు అమ్మాయి వంతు వచ్చింది. "స్పీచ్... పుస్తకం" అంది. ఉపన్యాసాలు ఎలా ఇవ్వాలో చెప్పే పుస్తకాలు రెండో అంతస్తులో ఉన్నాయి. చెప్పేసి ఉంటే పోయేది. నేను నవ్వుతూ, నా తెలివికి నేనే మురిసిపోతూ, "ఎందుకోసం? ఏదైనా సభ ఉందా?" అన్నాను.

ఆమె చెప్పబోయింది. మాట రాలేదు. ఆమెకి నత్తి ఉంది పిన్నీ. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. నేను సాయం చేద్దామని "పోటీనా? సెమినారా? పెళ్లిలో మాట్లాడాలా?" అని ఒకదాని తర్వాత ఒకటి అందించాను. వెనకాల ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. ఆమె తన కార్డు బల్ల మీదే వదిలేసి బయటికి వెళ్లిపోయింది. పరిగెత్తలేదు. నడిచి వెళ్లింది. అదే ఇంకా కళ్లముందు ఉంది.

కార్డు హాస్టల్ ఆఫీసులో ఇచ్చొచ్చాను. ఫొటోలకి వివరాలు రాసే అతను "ఇది నోట్‌బుక్‌లో రాయకు, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. రాశాను. అడిగింది రాశాను, నేను అడిగింది రాశాను, నవ్వినట్టూ రాశాను. గురువారం మేడం చదివారు.  ఈలోగా స్టాంపు మాస్టారు పై ఆఫీసుకి కాగితం పెట్టారట, "విద్యార్థులకు తగని పని అప్పగించడం వలన పాఠకులకు అవమానం" అని. అబద్ధం ఏముంది అందులో? ఇరవై ఆరున సమావేశం. అంతవరకూ ముగ్గురం మళ్లీ బండ్లు తోస్తున్నాం. నా వల్ల ఆ ఇద్దరి పనీ ఆగిపోయింది.

నువ్వు చెప్పినట్టే చేశాను పిన్నీ. అక్షరం పొల్లుపోకుండా.

ఫోన్ చేద్దామనుకున్నాను. నీకు నా ఫోన్లు ఇష్టం లేనట్టుందని ఊరుకున్నాను. సమావేశంలో ఈ పని మానేస్తానని చెప్పేస్తాను.

*

ఆగస్టు 17

తల్లీ,

నీ ఉత్తరం కింద సంతకం లేదు. నేనూ రెండు రోజులు పెన్ను పట్టుకోలేకపోయాను.

తప్పు నాది. నీకు సగమే చెప్పాను. నేను ఆ కిటికీ ఆవిణ్ని ఎక్కడ అడిగాననుకున్నావు? వార్డు మధ్యలో నిలబెట్టి కాదు. ఏ రోగినైనా, ఏ చుట్టాన్నైనా, రెండో ప్రశ్న అడిగే ముందు మంచం చుట్టూ తెర లాగేవాళ్లం. తెర లాగి, స్టూలు లాక్కుని, కూర్చుని, అప్పుడు. అది ఎంత అలవాటంటే, ఊపిరి పీల్చమని ఎవరికైనా చెప్తామా, అలా నీకు చెప్పడమే మరిచాను. నీ బల్ల గుమ్మానికి ఎదురుగా ఉందని నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. చదివాను. అయినా నా బుర్రలో మాత్రం ఒక గదీ ఒక తెరా ఉన్నాయి.

ఇంకోటి. మాటలు అందించకూడదు. ఎవరికీ. అది నాకు ఉద్యోగంలో తెలియలేదు, ఈ ఏడాదిలోనే తెలిసింది. ఎలాగో చెప్తాను. మీ అమ్మకి చెప్పకు.

నీ ఫోన్లు ఇష్టం లేకపోవడం ఏమిటే? నాకు వినపడటం లేదు. ఎడమ చెవి దాదాపు పోయింది, కుడిది సగం. సంవత్సరం పైనే అయింది. ఒకసారి "ఆఁ?" అంటే మళ్లీ చెప్తారు. రెండోసారి అంటే గట్టిగా చెప్తారు. మూడోసారి "ఏం లేదులే" అంటారు. ఆ "ఏం లేదులే" ఉంది చూడు, అది వినలేక ఊరికే "సరే సరే" అనడం మొదలుపెట్టాను. పక్కింటివాళ్లు నా బదులు వాక్యాలు పూర్తిచేస్తున్నారు. నేను అనుకోనివి నా నోట్లో పెడుతున్నారు. కాగితం మీద మాత్రం నీతో నేను పూర్తిగా ఉంటాను. నువ్వు చెప్పింది అంతా నాకు అందుతుంది, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఆలోచించుకుని జవాబిస్తాను. అందుకే నీ ఉత్తరాల కోసం గేటు దగ్గర నిలబడుతున్నాను.

పని మానేస్తానంటావా? నా దగ్గర శిక్షణకొచ్చిన ఒక పిల్ల ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయింది. తనే వచ్చి చెప్పింది. మానేస్తానంది. నేనన్నాను, "నువ్వు వెళ్లిపోతే ఈ తప్పు తెలిసిన మనిషి వార్డులో ఎవరూ ఉండరు." ఉండిపోయింది. ఆ రోజు నుంచి మా వార్డులో ఇద్దరు చూడకుండా మందు ఇచ్చేది లేదు. ఆ పద్ధతి ఆ పిల్లదే.

నీ పిన్ని

*

ఆగస్టు 27

పిన్నీ,

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే సమావేశానికి వెళ్లాను. నీ చెవుల సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ నువ్వు రాసిన ఒక మాట వాడుకున్నాను, కోప్పడకు.

పొడుగాటి బల్ల, ఎనిమిది మంది పెద్దవాళ్లు, మేం ముగ్గురం గోడ పక్కన. పై ఆఫీసు ఆయన స్టాంపు మాస్టారి కాగితం చదివారు. "నువ్వేమైనా చెప్తావా అమ్మా?" అన్నారు.  లేచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. తర్వాత నా పట్టీ బల్ల మీద పరిచాను. "బల్ల నడిచిన నెలలో నాలుగు వందల పన్నెండు ప్రశ్నలు వచ్చాయండీ. రెండు నుంచి నాలుగు మధ్యే సగం. ఆ రెండు గంటల్లో ఒక్కరు కూడా తమ సొంత సంగతి అడగలేదు. హాలు ఖాళీగా ఉండే పొద్దుటిపూట మాత్రం అడిగారు. అంటే వరసలో నిలబడి అడగలేని ప్రశ్నలు ఉన్నాయి. వాటికి ఒక తలుపున్న గది కావాలి. నోటితో అడగలేనివాళ్లకి, అడగడం ఇష్టంలేనివాళ్లకి, చీటీ రాసి వేసే పెట్టె కావాలి. కాగితం మీద మనిషి పూర్తిగా ఉంటాడు."

ఆ ఆఖరి వాక్యం నీది.

పై ఆఫీసు ఆయన "గదులెక్కడున్నాయి?" అన్నారు.  అప్పుడు స్టాంపు మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఇంకో కాగితం తీస్తారనుకున్నాను.

"నా కౌంటర్ వెనక చిరిగిన పుస్తకాల గది ఉంది. తలుపుంది, కిటికీ ఉంది. ఆ పుస్తకాలు బైండింగుకి పంపిస్తామని ఆరేళ్లుగా అంటున్నారు. పంపించేస్తే గది ఖాళీ," అన్నారు. తర్వాత నా వైపు తిరగకుండానే, "ఆ పిల్ల ఆ సంగతి పుస్తకంలో రాసిపెట్టిందని నాకు తెలీదు. తెలిస్తే కాగితం ఇంకోలా రాద్దును," అన్నారు.

నువ్వన్నది గుర్తొచ్చింది. బయటికొచ్చాక ఆయన్ని అడిగాను, ఇరవై ఎనిమిదేళ్లలో జనం ఎక్కువగా ఏం అడిగారు మాస్టారూ అని. గంటన్నర చెప్పారు! సగం నోట్‌బుక్ నిండింది. ఇకనుంచి సోమవారాలు మేడం బదులు ఆయన కూర్చుంటారు నాతో.

రెండు నెలలు చూద్దామన్నారు. ముగ్గురి పనులూ మళ్లీ మొదలయ్యాయి.

ఇప్పుడు నేను తెర లాగి, స్టూలు వేసుకుని, రెండో ప్రశ్న అడుగుతున్నాను. చెవి డాక్టర్ దగ్గరకి వెళ్లావా? తొందరేం లేదు. ఎంతసేపైనా ఆలోచించుకుని రాయి.

నీ ప్రశ్నల పుట్ట

*

సెప్టెంబర్ 9

ప్రశ్నల పుట్టా,

గట్టిదానివే. నా మంత్రం నా మీదే వేశావు. వెళ్లాను.

డాక్టర్ ఐదు నిమిషాలు చూసి, పక్క గదిలోకి పంపాడు. అక్కడ ఒక అమ్మాయి. మెడలో శిక్షణ కార్డు. నా లోపలి హెడ్ నర్సు చటుక్కున లేచి కూర్చుంది, చూద్దాం ఈ పిల్ల ఎలా చేస్తుందో అని. తలుపు మూసింది, ఒక మార్కు. నాకు ఎదురుగా, పెదాలు కనపడేలా కూర్చుంది, రెండు మార్కులు. చెవుల మీద డిప్పలు పెట్టి, "శబ్దం వినపడితే చెయ్యెత్తండి" అంది. నేను పరీక్ష తప్పకూడదని వినపడకపోయినా ఎత్తాను. ఆ పిల్ల ఆపి, నవ్వకుండా, "అమ్మగారూ, నేను ఇంకా ఏమీ మోగించలేదండీ" అంది. నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పాను. మీ అమ్మకీ చెప్పాను. ఏడ్చింది, తర్వాత తిట్టింది, రెండూ నాకు వినపడ్డాయి.

చెవి మిషను వారం నుంచి పెట్టుకుంటున్నాను. లోకం ఇంత గోల చేస్తోందని నాకు తెలీదు. నా చెప్పులు ఒక మోత. కాగితం మడిస్తే ఒక మోత. మజ్జిగ చిలికినంత చప్పుడు నా మోకాళ్లు చేస్తున్నాయి.

అయినా నువ్వు ఉత్తరాలు మానకు. ఆ పొడుగమ్మాయి మళ్లీ వచ్చిందా? రోజూ అదే ఆలోచిస్తున్నాను.

పిన్ని

*

అక్టోబర్ 20

పిన్నీ,

ఇది నీకు రాయొచ్చా అని ఆ అమ్మాయిని అడిగాను. "రాయి, కానీ నేను నీకంటే పొడుగని ఒప్పుకుంటూ రాయి," అని చీటీ ఇచ్చింది. ఒప్పుకుంటున్నాను.

చీటీల పెట్టె పెట్టిన పది రోజులకి, పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలతో ఒక చీటీ వచ్చింది. "నేను ఆ రోజు అడిగినది ఉపన్యాసాల పుస్తకం కాదు. వైవా నోటితో కాకుండా రాసి ఇవ్వడానికి రూలు ఉందా?" కింద గది నంబరు.

అదీ అసలు ప్రశ్న! నేనూ స్టాంపు మాస్టారూ పరీక్షల నిబంధనల పుస్తకాలు తిరగేశాం. రాసి ఇచ్చే రూలు లేదు. కానీ ఎనిమిదేళ్ల కిందటి సవరణ ఒకటి మాస్టారికి లీలగా గుర్తుంది. రెండు మధ్యాహ్నాలు పట్టింది. దొరికింది: మాట్లాడటంలో ఇబ్బంది ఉన్నవాళ్లు ముందుగా అడిగితే రెట్టింపు సమయం ఇవ్వాలి. ఆ సంగతి ఏ విభాగానికీ తెలియదు. అచ్చు తీసి, పేజీ గుర్తుపెట్టి, కవర్లో పెట్టి పంపాను. దానితోపాటు, ఆ రోజు మాటలు అందించినందుకు క్షమించమని రెండు లైన్లు.

జవాబుగా తనే వచ్చింది, పొద్దుటిపూట. చిరిగిన పుస్తకాల గదిలో, తలుపు మూసి, కూర్చున్నాం. నేను నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను పిన్నీ, అది బండి తోయడం కన్నా కష్టం. ఒక్కో మాటకి ఎంత పట్టిందో లెక్కపెట్టలేదు. చివరికి తను అడిగిందేమిటో తెలుసా? "చీటీలకి జవాబులు ఎవరు రాస్తున్నారు? నీ చేతిరాత ఘోరంగా ఉంది."

ఈ నెల మొదటి నుంచి చీటీలకి జవాబులు రాసేది తనే. మేడం పని ఇచ్చారు. వచ్చే ఏడు చేరే విద్యార్థులకి శిక్షణ పాఠం ఇద్దరం కలిసి రాస్తున్నాం. అందులో మొదటి పేజీ తనది: ఎదుటివాళ్లు ఆగితే మనం ఏం చేయాలి. ఏమీ చేయకూడదు అని రాసి, మిగతా పేజీ ఖాళీగా వదిలింది.

నిన్న తన వైవా. మూడింటికి వెళ్లింది. నాలుగున్నర అయినా రాలేదు. స్టాంపు మాస్టారు ఒకే పుస్తకం మీద రెండుసార్లు తేదీ కొట్టారు. ఐదు కావస్తుండగా గుమ్మంలో కనిపించింది. వరసలో నలుగురున్నారు. వాళ్లని దాటుకుని రాలేదు, వెనక నిలబడింది. తన వంతు వచ్చేదాకా నేను అందరికీ జవాబులు చెప్పాను, ఏం చెప్పానో గుర్తులేదు.

బల్ల ముందుకొచ్చింది. గదిలోకి వెళ్దామా అన్నట్టు తలుపు వైపు చూశాను. తల అడ్డంగా ఊపింది. అక్కడే, హాలు మధ్యలో, వెనక మరో ముగ్గురు వచ్చి నిలబడ్డాక, మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు. స్టాంపు చప్పుడు కూడా ఆగింది.

"నలభై నిమిషాలు ఇచ్చారు," అంది. "ఏడు మిగిల్చాను."

తర్వాత బల్ల ఇవతలికి వచ్చి, పెట్టె తాళం తీసి, ఆ రోజు చీటీలు ముందేసుకుని కూర్చుంది.

నీ ప్రశ్నల పుట్ట